రెండు గిన్నెల ఎర్ర పులుసు

ఈమధ్య మన తేషీ రేవులో నన్ను అందరూ ‘వాచ్‌మన్ మొగుడు’ అని పిలవడం మీరూ వినే ఉంటారు. ఎందుకలా అంటున్నారని మీలో ఒక్కడూ నన్ను అడగలేదు. అంటే ఎవరో ముందే చెప్పేశారన్నమాట. వాళ్లు చెప్పినదాంట్లో సగం తీసేసి, నేను చెప్పేది వినండి. తప్పు నాదే, కాకపోతే వాళ్లు చెప్పినంత పెద్దది కాదు.

నేను పడవల మోటార్లు బాగుచేస్తానని మీకు తెలుసు. ఈ ఒబొదాయ్ చెయ్యి పడితే చచ్చిన మోటారు కూడా ఓసారి దగ్గి చస్తుంది. కానీ ఊళ్లో నాకు పేరొచ్చింది మోటార్ల వల్ల కాదు, నాలుక వల్ల. పామాయిల్ పండ్ల పులుసు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే చాలు, పండ్లు ఏ తోటవో, చేప ఏ పడవలో వచ్చిందో, వండినావిడ ఆ పొద్దున ఎవరితో పోట్లాడిందో చెప్పేస్తానని ఊరంతా అనుకుంటుంది. ఊరికి ఆ మాట చెప్పింది నేనే.

మీకు తెలియనిదేముంది, మగాళ్లం మగాళ్ల ఇంట్లో పడి ఉంటాం, పెళ్లాలు వాళ్ల అమ్మల ఇళ్లలో ఉంటారు, సాయంత్రం అయ్యేసరికి ఎవరి గిన్నె వాళ్లకు నడిచి వస్తుంది. మా ఇంట్లో పదిమంది మగాళ్లుంటే తొమ్మిది మందికి ఒక్కో గిన్నె వస్తుంది. నాకు మాత్రం రెండు. నీలం మూత గిన్నె నా భార్య కార్లేది, తెల్ల గుడ్డ కట్టిన గిన్నె మా అమ్మ దెదేయ్‌ది. రెండూ ఖాళీ చేస్తానని నా పొట్ట చూస్తేనే తెలుస్తుంది.

గిన్నె అంటే తిండి మాత్రమే కాదు, పరువు కూడా. మా పెదనాన్న అబ్లో రెండేళ్ల కింద పెద్దమ్మ పులుసులో ఉప్పెక్కువైందని ఓ మాటన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయనకు గిన్నె రాలేదు. మేమందరం వరసగా కూర్చుని తింటుంటే ఆ పెద్దమనిషి గోడవైపు తిరిగి కర్రపెండలం గారీ పిండి నీళ్లలో నానబెట్టుకుని తిన్నాడు. ఏ ఇంట్లో ఏ తగవు వచ్చినా మేం ఇప్పటికీ ఆ నాలుగు రోజులే గుర్తు చేసుకుంటాం.

అంత చూసినవాణ్ణి నోరు అదుపులో పెట్టుకోవాలి కదా. పెట్టుకోలేదు. పదకొండేళ్లుగా ప్రతి సాయంత్రం రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని, ఒక దాంట్లో ముద్ద, ఇంకో దాంట్లో ముద్ద ముంచి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాణ్ణి. ఖాళీ గిన్నె కోసం వచ్చిన కార్లే గుమ్మం దగ్గర నిలబడి వినేది.

“బాగుంది కార్లే. కానీ మా అమ్మది ఇంకో రకం. ఆ చిక్కదనం వేరు.”

“అలాగా. ఎంత వేరు?”

“ఇక్కణ్ణుంచి దీపస్తంభం వరకు.”

“మొన్న చర్చి వరకే అన్నావు. అంటే ఇంకా దిగజారానన్నమాట,” అని నవ్వుతూ గిన్నె తీసుకుని వెళ్లిపోయేది. ఇంత తీర్పు విని నవ్వుకుంటూ పోయే భార్య దొరకడం నా అదృష్టం అనుకునేవాణ్ణి. ఆ నవ్వు దేనికో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఈ ఏడు హొమొవో పండుగకు ముందు, డప్పులు ఆపేసే నెలలో ఈ గొడవ మొదలైంది. ఆ నెలంతా డప్పు మోగకూడదు, పాట వినపడకూడదు, గొంతెత్తి అరవకూడదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవాలన్నా చెవిలో పోట్లాడుకోవాల్సిందే. నేను మోటారు స్టార్టు చేయాలంటే దాని మీద దుప్పటి కప్పి, పెద్దల ఇంటి వైపు ఓసారి చూసి, తాడు లాగేవాణ్ణి.

ఆస్పత్రి నర్సు అఫోలే ఆ నెలలోనే తల్లుల కోసం ఓ సభ పెట్టింది. మైకు లేదు కనుక అందర్నీ దగ్గరగా కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది. పామాయిల్ పండులో ఆ ఎరుపే పిల్లల కళ్లకు బలమట, దాంట్లో విటమిన్ ఏ ఉంటుందట. చదువు లేకపోయినా మన ముసలమ్మలకు ఆ సంగతి తెలుసు కనుకే పాలు మరిచిన పిల్లకు ముందుగా ఆ పులుసే నాకించేవారట. అందులో చిన్న చేపలు, ఆకుకూర పడితే మరీ మంచిదట. నలభై దాటి పొట్ట వచ్చిన మగాళ్లకు మాత్రం పైన తేలిన నూనె కొంచెం తీసేసి పెట్టమంది. ఆ మాట చెబుతున్నప్పుడు కిటికీ బయట నిలబడి వింటున్న నా వైపే చూసింది.

ఆఖరున, వారం తిరిగేసరికి పులుసు పోటీ పెడుతున్నామని, గెలిచినవాళ్లకు పెద్ద అల్యూమినియం కుండ ఇస్తామని చెప్పింది. గిన్నెల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. రుచి చెప్పడానికి ఎవరైనా కావాలి అంది. ఆమె మాట పూర్తయ్యేలోగా కిటికీలోంచి నా చెయ్యి లోపలికి వెళ్లింది.

“నీకు రుచి తెలుసా?” అంది నర్సు.

“రుచేంటమ్మా, విటమిన్ ఎక్కడుందో కూడా నాలుకతో చెప్పేస్తాను.”

ఆ సాయంత్రం నీలం మూత గిన్నె దించుతూ కార్లే గుసగుసగా అసలు సంగతి చెప్పింది. “పోటీలో నేనూ పేరిచ్చాను.”

“ఎందుకిచ్చావు? అక్కడ మార్కులు వేసేది నేను కదా.”

“అందుకే ఇచ్చాను. పదకొండేళ్లుగా గుమ్మంలో చెప్పే తీర్పు ఊళ్లో ఎలా చెబుతావో చూద్దామని.”

“నేను న్యాయంగా చెబుతాను.”

“చెప్పు. ఆ తర్వాత గిన్నె పంపాలో వద్దో నేనూ న్యాయంగానే చూసుకుంటాను,” అని నా చెవిలో చెప్పి వెళ్లింది. అంత మెల్లగా అన్న మాట అంత గట్టిగా తగలడం నాకు అదే మొదటిసారి.

కాసేపటికి తెల్ల గుడ్డ గిన్నెతో అమ్మ వచ్చింది. తనూ పేరిచ్చిందట. “ఒరే నాయనా, నీకు పాలూ పోశాను, పులుసూ పోశాను. మార్కులు వేసేటప్పుడు రెంట్లో ఏది గుర్తొచ్చినా నాకు పర్లేదు,” అంది.

ఆ రాత్రి గిన్నెలు రెండూ ఖాళీ అయ్యాయి కానీ ఏం తిన్నానో తెలియలేదు. భార్యకు ఫస్టు ఇస్తే అమ్మ గిన్నె పోతుంది, అమ్మకు ఇస్తే భార్య గిన్నె పోతుంది. పండుగ నాలుగు వారాల్లో ఉంది. పండుగ ముందు గిన్నె రాని మగాడిగా పెదనాన్న పక్కన చరిత్రలో మిగిలిపోతాను. పెదనాన్న అప్పుడే గోడ దగ్గర జాగా చూపిస్తూ, సాయంత్రం పూట అక్కడ గాలి బాగా తగులుతుందని నాకు చెబుతున్నాడు.

పొద్దున్నకి ఉపాయం తట్టింది. ఇద్దరికీ సమానంగా ఫస్టు ఇచ్చేస్తే సరి. కాకపోతే గిన్నెల మీద నంబర్లుంటాయి కనుక ఏది ఎవరిదో నాకు తెలియాలి. నా నాలుక ఉందిగా అని మీరడగొచ్చు. నాలుక మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, కానీ పరువు విషయంలో ఓ గుర్తు కూడా ఉంటే మంచిది.

కార్లే దగ్గరికెళ్లి, గిన్నె అంచున పీత డెక్క ఒకటి నిటారుగా నిలబెట్టమన్నాను. “ఫస్టు నీకే. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా అమ్మకు.” కార్లే బుద్ధిగా తలూపింది. అమ్మ దగ్గరికెళ్లి, గిన్నె మధ్యలో కోయని బెండకాయ ఒకటి వేయమన్నాను. “ఫస్టు నీకేనమ్మా. కార్లేకి మాత్రం తెలియనీకు.” అమ్మా బుద్ధిగా తలూపింది. ఆ ఇద్దరూ ఒకే రోజు నా మాటకు ఎదురు చెప్పకపోవడం అంతకుముందెప్పుడూ జరగలేదు. నేను అనుమానించాల్సింది పోయి సంతోషించాను.

పోటీ రోజు పొద్దున ఏమీ తినకుండా, తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాను. ఎర్ర పులుసుకు తెల్ల చొక్కా వేసుకున్న మొదటి మనిషిని నేనేనని పెదనాన్న అన్నాడు. ఆస్పత్రి ఆవరణలో మూడు బెంచీల మీద ఇరవై రెండు గిన్నెలు పెట్టారు. చుట్టూ ఊళ్లోని ఆడవాళ్లందరూ, ఒక్కరూ నోరెత్తకుండా కూర్చున్నారు. నేను హాయిగా మొదటి బెంచీ వైపు చూశాను. తర్వాత రెండోది చూశాను. తర్వాత మళ్లీ మొదటిది చూశాను.

ఇరవై రెండు గిన్నెల్లోనూ అంచున పీత డెక్క నిలబడి ఉంది. ఇరవై రెండింటి మధ్యలోనూ కోయని బెండకాయ తేలుతోంది.

కార్లే వైపు చూశాను. ఆమె ఆకాశం చూస్తోంది. అమ్మ వైపు చూశాను. ఆమె కార్లే చూస్తున్న ఆకాశాన్నే చూస్తోంది. ఇంక నాలుకే దిక్కని దేవుడికి దణ్ణం పెట్టుకుని చెంచా తీసుకున్నాను.

మొదటి మూడు గిన్నెలూ ఏవో చప్పగా వెళ్లాయి. నాలుగో నంబరు నోట్లో పెట్టుకోగానే నా కళ్లు మూతపడ్డాయి. ఆ చిక్కదనం, ఎండుచేప పొగ వాసన, చివర్లో మిరప చురుకు. ఇది మా అమ్మదే, అనుమానం లేదు. నర్సు రాసుకుంటుంటే నేను మెల్లగా చెప్పాను. “ఇందులో యాభై ఏళ్ల అనుభవం ఉంది. విటమిన్ ఎక్కడిదక్కడే ఉంది. పదికి పది.”

పదకొండో నంబరు దగ్గర ఇంకోసారి కళ్లు మూతపడ్డాయి. కొంచెం తొందర, కొంచెం పొగరు, దాని వెనకాల బోలెడంత ఆపేక్ష. ఇది నా కార్లే. చెంచా గుండెల మీద పెట్టుకున్నాను. “ఈ పులుసు నాకు తెలుసు. నాకు జ్వరం వచ్చిన రోజున నా తల నిమిరిన చెయ్యి వండింది ఇది. పదికి పది,” అన్నాను. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నా మాటలకు కదిలిపోయారనుకున్నాను.

రెండూ దొరికాయి, సమానంగా ఇచ్చేశాను, పరువు గట్టెక్కింది. ఆ సంబరంలో మిగతా గిన్నెల మీద ఇష్టమొచ్చినట్టు నోరు పారేసుకున్నాను. పదిహేడో నంబరు దగ్గర మరీ రెచ్చిపోయాను. “ఇది పులుసా? మోటారు కడిగిన నీళ్లు ఇంతకంటే చిక్కగా ఉంటాయి. ఇందులో విటమిన్ లేదు, ఉన్నా ఈ గిన్నె చూసి పారిపోయింది. సున్నా.” అప్పటికి నా చొక్కా మెడ నుంచి బొడ్డు వరకు ఎర్రబడిపోయింది.

నర్సు కాగితం విప్పి పేర్లు చదవడం మొదలుపెట్టింది. “నాలుగో నంబరు, పదికి పది. దెదేయ్ అమ్మ.” నేను ఊళ్లోవాళ్ల వైపు చూసి గడ్డం ఎత్తాను.

“పదకొండో నంబరు, పదికి పది. మన వాచ్‌మన్ ఆయిటే.”

గేటు దగ్గర ఆరడుగుల ఆయిటే లేచి నిలబడి, ముందు తన అరచేతులు రెండూ చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా చెవిలో అడిగాడు. “అన్నా, నీ తల నేనెప్పుడు నిమిరాను?”

నేను ఏం చెప్పాలో తేల్చుకునేలోగా నర్సు తర్వాతి పేరు చదివింది. “పదిహేడో నంబరు, సున్నా. కార్లే.”

నా గుండె జారి చొక్కా మీది నూనెలో పడింది. మోటారు కడిగిన నీళ్లన్నది నా పెళ్లాం పులుసునే. అదీ ఊరందరి ముందు. పెదనాన్న తన పక్కన బెంచీ మీద దుమ్ము దులిపి నాకు జాగా చేశాడు. కార్లే లేచి నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను, ఈసారి రుచి కోసం కాదు.

“నర్సమ్మా, ఒక్క మాట,” అంది కార్లే నెమ్మదిగా. “నాలుగో నంబరూ, పదిహేడో నంబరూ ఒకే కుండలోవి. పొద్దున నేనూ అత్తా కలిసి వండాం. అత్త పేరు మీద ఓ గిన్నె, నా పేరు మీద ఓ గిన్నె నింపాం.”

“నిజమే. గరిట కూడా ఒక్కటే,” అంది అమ్మ.

ఆ నెలలో గట్టిగా నవ్వకూడదు. మూడు వందల మంది ఆడవాళ్లు చప్పుడు చేయకుండా నవ్వడం మీరెప్పుడైనా చూశారా? భుజాలు ఎగురుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఒక్క శబ్దం లేదు. ఒకావిడ బెంచీ మీంచి మెల్లగా జారి కింద కూర్చుంది. నర్సు గోడకున్న కంటి పరీక్ష అక్షరాల వైపు తిరిగి నిలబడింది, వీపు మాత్రం వణుకుతూనే ఉంది. ఎవరి చంకలోనో ఓ చంటిపిల్ల మాత్రం బయటికే నవ్వింది. దానికి ఏ కట్టుబాటూ లేదు.

ఇక కుండ సంగతి. ఒకే పులుసుకు ఓసారి పది, ఓసారి సున్నా వస్తే సగటున ఐదు అని నర్సు తేల్చింది. పది మార్కులకు తగ్గనిది ఆయిటే ఒక్కడే. మొదటి బహుమతి కుండ వాచ్‌మన్ చంకలో పెట్టుకుని వెళ్లాడు. జీవితంలో రెండోసారి పొయ్యి ముట్టించాడట, మొదటిసారి గుడిసె అంటుకుందట.

ఇంటిదారిలో కార్లే ఓ పక్క, అమ్మ ఓ పక్క నడిచారు. ఆఖరికి నేనే అడిగాను, ఎన్నాళ్లుగా ఇలా ఒక కుండ అని. పదకొండేళ్లుగా అంది అమ్మ. పెళ్లయిన కొత్తలో కార్లే మొదటి గిన్నెకు నేను చెప్పిన తీర్పు విని, తను పులుసు నేర్చుకుందామని అమ్మ దగ్గరికి వెళ్లిందట. ఆ రోజు ఇద్దరూ కలిసి దంచి, కలిసి పిండి, ఒకే కుండలో కాచి రెండు గిన్నెల్లో పంపారట. అమ్మదానికీ నీదానికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా అని నేను చెప్పానట. అంతే, ఆ రోజు నుంచి పొయ్యి ఒక్కటే. ఈరోజు ఆ ఇంట్లో, రేపు ఈ ఇంట్లో. మగాళ్లం ఆడవాళ్ల వంటసాల వైపు వెళ్లం కదా, నాకు తెలిసే దారి లేదు.

“ఒక్క మాట నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా.”

“చెబితే ఆ రోజే మానేసేవాడివి. సాయంత్రం నీ తీర్పు కోసం రెండిళ్ల ఆడవాళ్లూ ఎదురు చూస్తార్రా. దీపస్తంభం వరకూ అన్న రోజున మీ పిన్నికి నవ్వి నవ్వి కడుపునొప్పి వచ్చింది.”

కార్లే మాత్రం నవ్వలేదు. “మొదటి ఏడాది ఏడ్చాను,” అంది. “ఒకే కుండలోదని తెలిసీ ఏడ్చాను. రెండో ఏడాది నుంచి నవ్వడం మొదలుపెట్టాను.”

ఎగతాళి చేసినా తట్టుకునేవాణ్ణి. ఆ మొదటి ఏడాది గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల మొహం ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా గుర్తు రాలేదు. అప్పుడు నేను కళ్లు మూసుకుని ఉన్నాను. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తప్పయిపోయిందని చెప్పాను. పంచె అంచుతో మొహం తుడుచుకుంటుంటే అది కూడా ఎర్రబడింది.

“గిన్నె వస్తుందా?” అని అడిగాను చివరికి.

“వస్తుంది. కానీ పండుగ పులుసుకు పండ్లు దంచేది నువ్వు,” అంది కార్లే.

మూడు వారాలకు పెద్దల ఇంట్లో డప్పు మోగింది, ఊరి నోరు తెరుచుకుంది. ఆ పొద్దున్నే ఆడవాళ్ల ఇంటి వాకిట్లో, ఉడికిన ఎర్ర పండ్లున్న రోలు ముందు రోకలితో నిలబడ్డాను. మొదటి పోటుకే గుజ్జు ఎగిరి మొహాన పడింది. అప్పుడు నవ్వారండీ. పోటీ రోజున మింగేసిన నవ్వంతా మూడు వారాల వడ్డీతో కలిపి ఒక్కసారిగా బయటికి వచ్చింది. అవతలి సందులోంచి జనం ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, చూసి, వాళ్లూ నవ్వడం మొదలుపెట్టారు. నర్సు అటుగా పోతూ, విటమిన్ పారిపోకుండా మెల్లగా దంచమంది. ఆయిటే కొత్త కుండ పట్టుకొచ్చి, ఇంటాయన మెచ్చిన చెయ్యి కదా అని నా పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరిగాడు. నా కొత్త పేరు అక్కడే పుట్టింది.

దంచడం ఒక్కటే కాదు. వేడినీళ్లు పోసి పిసికి, పీచు వడగట్టి, మళ్లీ పిసికి, మళ్లీ వడగట్టాలి. మధ్యాహ్నానికి నా భుజాలు నావి కావు. ఇంత చాకిరీ రెండు పొయ్యిల మీద రెండుసార్లు ఎవరు చేస్తారు? వాళ్లు కలిసి వండటంలో ఆశ్చర్యం లేదు, నాకు పదకొండేళ్లు తట్టకపోవడమే ఆశ్చర్యం.

సాయంత్రం పెదనాన్న పోయినవాళ్ల కోసం మొక్కజొన్న పొడిని, పులుసును నేల మీద చల్లాడు. తర్వాత అలవాటు ప్రకారం పెద్దా చిన్నా ఆడా మగా ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద గిన్నె చుట్టూ కూర్చుని చేతులు పెట్టాం. నాకు ఎడమ పక్క కార్లే, కుడి పక్క అమ్మ. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వాకిలంతా ఆగి నా వైపు చూసింది.

“ఎలా ఉంది?” అంది కార్లే.

“బాగుంది.”

“అంతేనా?”

“అంతే,” అన్నాను. కళ్లు కూడా మూసుకోలేదు. అందరూ మెచ్చుకోలుగా తలూపారు.

మీతో చెబితే ఇక్కడే ఉంటుంది కదా. ఆ పండ్లు దంచింది నేను, పిండింది నేను, కుండలోంచి ఆ గిన్నెలోకి వంపింది కూడా నేనే. అయినా అమ్మ కూర్చున్న వైపు పులుసు ఓ పిసరు చిక్కగా ఉంది. నోరు విప్పితే ఒట్టు, కానీ చెయ్యి ఊరుకోదు కదా, మాటిమాటికీ అటే పోయింది. కార్లే చూసింది. గిన్నెను మెల్లగా సగం చుట్టు తిప్పి, మళ్లీ తన పాటికి తను తినడం మొదలుపెట్టింది.

తిప్పాక మాత్రం, నిజం చెబుతున్నాను, కార్లే వైపుదే బాగుంది.